లైట్ మాట వినట్లేదంటే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

స్టేజ్ మీద ఇరవై లైట్లుంటే పద్దెనిమిది చెప్పినట్టు చేస్తుంటాయి, రెండు మాత్రం కన్సోల్ (లైట్లని నడిపే బల్ల) మీద ఫేడర్ ఎంత పైకి తోసినా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటాయి. అప్పుడు ఎక్కువమంది చేసే పని ఏంటంటే చేతికి దొరికిన కేబుల్ పీకి ఇంకోటి పెట్టడం, దానికీ వెలగకపోతే అడ్రస్ (లైట్ తన ఆదేశాల్ని ఎక్కడినుంచి వినాలో చెప్పే అంకె) మార్చడం, అదీ కాకపోతే లైట్ పవర్ తీసి మళ్లీ ఇవ్వడం. ఇలా మూడు మార్పులు ఒకేసారి చేశాక లైట్ వెలిగినా ఎందుకు వెలిగిందో తెలీదు, వెలగకపోతే మొదట ఉన్న తప్పుకి కొత్తగా చేసిన తప్పులు తోడై ఉంటాయి. అసలు ఇక్కడ తేల్చుకోవాల్సింది ఒక్కటే, సిగ్నల్ లైట్ దాకా వెళ్లట్లేదా, లేక వెళ్తున్నా లైట్ దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంటోందా. ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి గానీ రెండిటి వైద్యం వేరు, మొదటిదానికి కేబుల్ పట్టుకోవాలి, రెండోదానికి మెనూ చూడాలి.

ఇంత తికమక ఎందుకొస్తుందో తెలియాలంటే కన్సోల్ ఆదేశాల్ని లైట్లకి చేరవేసే డీఎంఎక్స్ అనే పద్ధతి ఎలా పనిచేస్తుందో కొంచెం చూడాలి. 1986లో డిమ్మర్లని (లైట్ల వెలుగు తగ్గించి పెంచేవి) కంట్రోల్ చేయడం కోసం దీన్ని తయారుచేశారు, 1990లో సవరించారు, 2004లో అమెరికా ప్రమాణంగా డీఎంఎక్స్512-ఏ అనే పేరుతో వచ్చింది. అడుగున ఉన్నది ఆర్ఎస్-485 అనే పాత పారిశ్రామిక పద్ధతి, రెండు వైర్ల మధ్య వోల్టేజ్ తేడాతో సెకనుకి 2,50,000 బిట్లు పంపుతుంది, ఒక్కో బిట్‌కి 4 మైక్రోసెకన్లు. ముందు ఒక బ్రేక్ (కొత్త జాబితా మొదలవుతోందని చెప్పే గుర్తు), తర్వాత స్టార్ట్ కోడ్ (వచ్చేది ఏ రకం డేటానో చెప్పే అంకె), ఆ వెనకే వరుసగా 512 ఛానెళ్ల విలువలు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. మొత్తం 512 ఛానెళ్లూ పంపితే సెకనుకి దాదాపు 44 సార్లు ఈ జాబితా తిరుగుతుంది. ఇది రైల్వే స్టేషన్లో మైక్ అనౌన్స్‌మెంట్ లాంటిది, చెప్పేవాళ్లు చెప్పుకుంటూ పోతారు, ఎవరు విన్నారో ఎవరు వినలేదో వాళ్లకి తెలీదు. లైట్ నుంచి తిరుగు జవాబు రాదు, దారిలో డేటా చెడిపోయిందా అని చూసే ఏర్పాటు కూడా మామూలు డీఎంఎక్స్‌లో లేదు. అందుకే కన్సోల్ స్క్రీన్ మీద ఆ లైట్ 100 శాతం అని చూపించినంత మాత్రాన ఏమీ రుజువు కాదు, "నేను పంపాను" అని కన్సోల్ అంటోంది అంతే, నిజానికి పంపిందో లేదో కూడా పోర్ట్ దగ్గర చూస్తేగానీ తెలీదు.

కాబట్టి మొదట చూడాల్సింది మొరాయిస్తున్న లైట్ డిస్‌ప్లేని. చాలా లైట్లలో డీఎంఎక్స్ వస్తోందా లేదా చెప్పడానికి ఒక చిన్న ఎల్ఈడీయో, డిస్‌ప్లేలో ఒక చుక్కో ఉంటుంది, కొన్నిట్లో సిగ్నల్ లేకపోతే అడ్రస్ అంకెలు మినుకుమినుకుమంటాయి. ఏది దేనికి గుర్తో మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి పక్కనే బాగా పనిచేస్తున్న అదే మోడల్ లైట్‌తో పోల్చి చూడటం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. సిగ్నల్ గుర్తు కనిపిస్తే సగం పని అయిపోయినట్టే, కేబుళ్ల జోలికి వెళ్లకుండా నేరుగా సెట్టింగ్స్ చూడొచ్చు. ఒక్క జాగ్రత్త ఏంటంటే ఆ గుర్తు "ఏదో డేటా వస్తోంది" అని మాత్రమే చెప్తుంది, సరైన యూనివర్స్ (ఒక లైన్‌లో వెళ్లే 512 ఛానెళ్ల జట్టు) వస్తోందనో, వచ్చే డేటా శుభ్రంగా ఉందనో చెప్పదు. కొన్ని లైట్ల మెనూలో వచ్చే ఛానెల్ విలువల్ని అక్కడికక్కడే చూపించే పేజీ ఉంటుంది, అది ఉంటే ఇంకేం కావాలి, ఇక్కడ ఫేడర్ కదిపితే అక్కడ అంకె మారుతోందా లేదా చూసుకోవడమే.

ఇంకో చిన్న ఆధారం, సిగ్నల్ పోయినప్పుడు ఏం చేయాలో చాలా లైట్లలో ఒక సెట్టింగ్ ఉంటుంది. చివరగా విన్న విలువల్నే పట్టుకుని ఉండిపోవడం ఒకటి, చీకటైపోవడం ఇంకోటి, సొంత ప్రోగ్రాం మొదలుపెట్టడం మూడోది. అంటే ఒక లైట్ నీలం రంగులో గడ్డకట్టినట్టు ఆగిపోయి, బ్లాకౌట్ (అన్నీ ఆర్పే బటన్) కొట్టినా ఆరకపోతే, దానికి ఇందాకటిదాకా సిగ్నల్ వచ్చి ఇప్పుడు ఆగిపోయిందని అనుమానించాలి. మొదటినుంచీ చీకటిగా ఉన్న లైట్ కథ వేరు. అందుకే "పనిచేయట్లేదు" అని ఒక్క మాటలో చెప్పేస్తే చాలదు, చీకటిగా ఉందా, ఆగిపోయిందా, వణుకుతోందా, సొంతంగా రంగులు మారుస్తోందా అన్నది అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ నాలుగూ నాలుగు వేర్వేరు చోట్లకి దారి చూపిస్తాయి.

సిగ్నల్ వస్తున్నా వినని లైట్లలో ఎక్కువ భాగం నిజానికి వింటూనే ఉంటాయి, కాకపోతే వేరే ఛానెల్ వింటుంటాయి. అడ్రస్ తప్పు అందరికీ తెలిసిందే, దాన్ని ఎవరైనా మొదటే చూస్తారు. మోడ్ తప్పు అలా కాదు, దాన్ని పట్టుకోవడానికి టైం పడుతుంది, ఎందుకంటే డిస్‌ప్లేలో అడ్రస్ సరిగ్గానే కనిపిస్తుంది. ఒక ఎల్ఈడీ పార్ (రంగులు మార్చే, కదలని మామూలు స్టేజ్ లైట్) తీసుకుందాం. దానికి రెండు మోడ్లున్నాయి అనుకోండి, నాలుగు ఛానెళ్ల మోడ్‌లో వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు. ఎనిమిది ఛానెళ్ల మోడ్‌లో మొదటిది మాస్టర్ డిమ్మర్, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, ఆరోది స్ట్రోబ్ (టపటపా మెరవడం), ఏడోది కలర్ మాక్రో (ముందే కూర్చిపెట్టిన రంగులు), ఎనిమిదోది స్పీడ్. కన్సోల్‌లో నాలుగు ఛానెళ్లుగా ప్యాచ్ చేసి (ఏ లైట్‌కి ఏ ఛానెళ్లో కన్సోల్‌కి చెప్పి) 1, 5, 9, 13 అని అడ్రసులిచ్చారు, లైట్లు మాత్రం ఎనిమిది ఛానెళ్ల మోడ్‌లో ఉండిపోయాయి. ఇప్పుడు మొదటి లైట్‌కి ఎరుపు ఇస్తే ఛానెల్ 1కి 255 వెళ్తుంది, లైట్ దాన్ని డిమ్మర్ అనుకుంటుంది, రంగులన్నీ సున్నా కాబట్టి చీకటే. ఆకుపచ్చ ఒక్కటే ఇస్తే అది ఎరుపు కిందకి వెళ్తుంది గానీ డిమ్మర్ సున్నా, మళ్లీ చీకటే. ఎరుపూ ఆకుపచ్చా కలిపి ఇస్తే పసుపు రావాల్సింది పోయి ఎరుపు వెలుగుతుంది. తర్వాత రెండో లైట్‌కి ఎరుపు ఇస్తే అది ఛానెల్ 5, అంటే మొదటి లైట్‌లో తెలుపు, దాని డిమ్మర్ పైన ఉంటే మొదటి లైట్ తెల్లగా మెరుస్తుంది. రెండో లైట్‌కి ఆకుపచ్చ ఇస్తే మొదటి లైట్ స్ట్రోబ్ కొట్టడం మొదలెడుతుంది. చూసేవాళ్లకి లైట్లకి ఏదో పట్టినట్టు ఉంటుంది, కానీ అవి పంపిన ప్రతి అంకెనీ తూచా తప్పకుండా పాటిస్తున్నాయి. ఒక లైట్‌కి ఇచ్చిన ఆదేశం పక్క లైట్‌లో కనిపించడం, ఒక్క రంగు ఇస్తే చీకటి, రెండు కలిపితే వెలుగు, ఇలాంటివి చూస్తే కేబుల్ మీద అనుమానం వదిలేసి మోడ్ చూడాలి.

ఇదే లెక్క మూవింగ్ హెడ్స్‌లో (తల తిప్పే లైట్లలో) ఇంకా పెద్ద ఇబ్బంది, 16 ఛానెళ్ల లైట్ అడ్రస్ 1లో ఉంటే తర్వాతది 17లో, ఆ తర్వాతది 33లో ఉండాలి, ఎక్కడో ఒకచోట ఒకటి తక్కువ కొడితే అక్కడ ఆ లైట్‌లో పాన్ (పక్కలకి తిరగడం) విలువ వెళ్లాల్సిన చోటికి ఇంకేదో వెళ్తుంది. యూనివర్స్ చివర్లో ఇంకో చిక్కుంది, 16 ఛానెళ్ల లైట్‌కి 500 అని అడ్రస్ ఇస్తే దానికి 515 దాకా కావాలి, 512 తర్వాత ఏమీ లేదు కాబట్టి చివరి ఛానెళ్లకి ఎప్పటికీ డేటా రాదు. పాన్, టిల్ట్ (పైకీ కిందకీ వంగడం), రంగు అన్నీ కదులుతూ కేవలం చివర్లో ఉండే ఫీచర్లు మాత్రమే పనిచేయకపోతే ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

పాత లైట్లలో డిస్‌ప్లే బదులు డిప్ స్విచ్‌లు (వరుసగా ఉండే చిన్న మీటలు) ఉంటాయి, వాటి విలువలు వరుసగా 1, 2, 4, 8, 16, 32, 64, 128, 256. అడ్రస్ 37 కావాలంటే 32, 4, 1 కలపాలి, అంటే ఒకటో స్విచ్, మూడోది, ఆరోది పైకి. పదో స్విచ్ చాలా లైట్లలో మోడ్ కోసం వాడతారు, అది తప్పుగా ఉంటే లైట్ డీఎంఎక్స్‌ని అసలు పట్టించుకోకుండా సొంత ప్రోగ్రాం నడుపుకుంటుంది. కొన్ని కంపెనీలు స్విచ్‌లన్నీ కిందికి ఉంటే దాన్నే అడ్రస్ 1గా లెక్కేస్తాయి, అలాంటి లైట్లలో లెక్క మొత్తం ఒకటి జరుగుతుంది, ఆ గుంపు లైట్లన్నీ ఒక ఛానెల్ తేడాతో తప్పుగా నడుస్తుంటే కారణం ఇదే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

అడ్రస్ సరిగ్గా ఉంది, మోడ్ సరిగ్గా ఉంది, పాన్ టిల్ట్ కదులుతున్నాయి, వెలుగు మాత్రం రావట్లేదు అంటే షట్టర్ (వెలుగుని అడ్డుకునే మూత) చూడాలి. డిమ్మర్ ఫుల్ ఇచ్చినా షట్టర్ ఛానెల్ సున్నాలో ఉంటే చాలా మోడళ్లలో షట్టర్ మూసే ఉంటుంది. కన్సోల్‌లో ఆ లైట్ ప్రొఫైల్ (ఏ ఛానెల్ ఏం చేస్తుందో రాసి ఉన్న ఫైల్) సరైనదైతే అది షట్టర్‌ని తనే తెరుస్తుంది, ఎవరో చేతితో రాసిన ప్రొఫైలో, పాత వెర్షనో అయితే తెరవదు. డిశ్చార్జ్ ల్యాంప్ ఉండే మూవింగ్ హెడ్స్‌లో అయితే ముందు ల్యాంప్ స్ట్రైక్ అవ్వాలి (అంటుకోవాలి), దానికి మెనూలో ఆప్షన్ ఉంటుంది లేదా కంట్రోల్ ఛానెల్లో ఒక విలువని కొన్ని సెకన్లపాటు పట్టుకుని ఉంచాలి, అప్పుడే ఆరిపోయిన వేడి ల్యాంప్ చాలా మోడళ్లలో చల్లబడేదాకా మళ్లీ అంటుకోదు. ఈ ఆగే టైంలో లైట్ చెడిపోయిందనుకుని కంగారుపడి విప్పేయడం జరుగుతుంటుంది. ఇంకోటి, రవాణా కోసం పెట్టే పాన్ టిల్ట్ లాక్‌లు తీయకుండా పవర్ ఇస్తే లైట్ రీసెట్ అయ్యేటప్పుడు ఇరుక్కుని డిస్‌ప్లేలో ఎర్రర్ చూపిస్తుంది, దాన్ని చదివితే ఆ విషయం అక్కడే తెలిసిపోతుంది, కానీ ట్రస్ (లైట్లు వేలాడదీసే లోహపు చట్రం) పైకి లేచిపోయాక చదవడానికి ఎవరికీ కుదరదు. అందుకే లైట్లన్నీ కింద ఉండగానే ఒకసారి పవర్ ఇచ్చి రీసెట్ చూసుకోవడం వల్ల ఎంత శ్రమ మిగులుతుందో ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

చవక లైట్లలో మాస్టర్, స్లేవ్, ఆటో, సౌండ్ అనే మోడ్లు కూడా ఉంటాయి. ఒక లైట్ మాస్టర్‌లో ఉండిపోతే అది తనే అదే లైన్ మీదకి డేటా పంపడం మొదలెడుతుంది, కన్సోల్ ఒకవైపు, ఇది ఇంకోవైపు, రెండూ ఒకే వైర్ల జత మీద అరుస్తుంటాయి, మిగతా లైట్లన్నీ పిచ్చెక్కినట్టు వణుకుతాయి. ఇక్కడ తప్పు చేసే లైట్ మామూలుగానే కనిపించి, బాగున్న లైట్లే చెడిపోయినట్టు కనిపిస్తాయి, అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం.

కన్సోల్ వైపు చూడాల్సినవి త్వరగా అయిపోతాయి. గ్రాండ్ మాస్టర్ (అన్ని లైట్ల వెలుగునీ ఒకేసారి తగ్గించే ఫేడర్) కిందకి ఉందా, బ్లాకౌట్ నొక్కి ఉందా, బ్లైండ్‌లో (స్టేజ్ మీదకి పంపకుండా) ప్రోగ్రాం చేస్తూ లైవ్ అనుకుంటున్నారా, ఆ యూనివర్స్‌ని ఏ పోర్ట్‌కి కేటాయించారు, ఎవరైనా ఆ ఛానెల్‌ని పార్క్ చేశారా (ఒకే విలువ దగ్గర కట్టేశారా). ఒక యూనివర్స్ మొత్తం వినకపోతే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి, ఒకటి రెండు లైట్లు మాత్రమే వినకపోతే ఇక్కడ ఎక్కువసేపు గడపక్కర్లేదు.

ఇక సిగ్నల్ అసలు చేరట్లేదు అని తేలితే లైన్ పట్టుకోవాలి. డీఎంఎక్స్ లైన్ ఒక లైట్ నుంచి ఇంకో లైట్‌కి గొలుసులా వెళ్తుంది, మధ్యలో వై కేబుల్‌తో రెండుగా చీల్చకూడదు, చీల్చాలంటే స్ప్లిటర్ (సిగ్నల్‌ని శాఖలుగా పంచే పెట్టె) వాడాలి. గొలుసులో ఏడో లైట్ నుంచి చివరిదాకా అన్నీ చీకటైతే ఆరో లైట్ అవుట్‌పుట్, ఏడో లైట్ ఇన్‌పుట్, మధ్యలో ఉన్న కేబుల్, ఈ మూడిట్లోనే తప్పు. మొత్తం గొలుసే వణుకుతుంటే మాత్రం సగం చేసే పద్ధతి మంచిది, మధ్యలో కేబుల్ తీసేసి ఆ చోట టెర్మినేటర్ (లైన్ చివర పెట్టే ప్లగ్, దాని సంగతి కింద చెప్తాను) పెట్టి మొదటి సగం బాగుపడిందా చూడటం, బాగుపడితే తప్పు రెండో సగంలో ఉన్నట్టు, లేకపోతే మొదటి సగంలోనే. పదహారు లైట్ల గొలుసులో నాలుగుసార్లు సగం చేస్తే ఒక్క లైట్ దగ్గరికి వచ్చేస్తాం, ఒక్కోటి విడివిడిగా తీసి చూస్తే ఎంతసేపు పడుతుందో ఊహించుకోండి. ఇలా వెతికితే చాలాసార్లు దొరికేది లైట్ లోపల కాలిపోయిన ఆర్ఎస్-485 చిప్. చాలా లైట్లలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ కనెక్టర్లు లోపల నేరుగా కలిసే ఉంటాయి, చిప్ ఆ వైర్లకి పక్కన తగులుకుని వింటుంటుంది అంతే, కాబట్టి పవర్ లేని లైట్ నుంచి కూడా సిగ్నల్ ముందుకి వెళ్తుంది, కానీ ఆ చిప్ లోపల షార్ట్ అయితే ఒక్క లైట్ మొత్తం లైన్‌ని కిందకి లాగేస్తుంది.

కేబుల్ విషయంలో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది మైక్ కేబుల్. ప్రమాణం ప్రకారం డీఎంఎక్స్‌కి 5 పిన్ ఎక్స్ఎల్ఆర్ కనెక్టర్ వాడాలి, కానీ చవకగా వస్తుందని 3 పిన్ వాడటం లోకమంతా అలవాటైపోయింది, దాంతో సౌండ్ పెట్టెలో ఉన్న మైక్ కేబుల్ కూడా చక్కగా దూరిపోతుంది. డీఎంఎక్స్ కేబుల్‌కి దాదాపు 120 ఓమ్‌ల ఇంపెడెన్స్ ఉండాలి, మామూలు మైక్ కేబుల్‌కి అంతకంటే బాగా తక్కువ ఉంటుంది, పైగా కెపాసిటెన్స్ ఎక్కువ, దాంతో బిట్ల అంచులు అరిగిపోయి గుండ్రంగా అవుతాయి. రెండు మూడు మీటర్లలో ఏమీ తెలీదు, అక్కడే జనం మోసపోతారు, "నిన్న పనిచేసింది కదా" అంటారు. నిన్న నాలుగు లైట్లు, చిన్న గొలుసు, ఇవాళ పన్నెండు లైట్లు, దూరం పెరిగింది. అంతేకాదు, ఈ 3 పిన్ అలవాటు వల్ల పొరపాటున లైటింగ్ కేబుల్ సౌండ్ మిక్సర్‌లో గుచ్చేస్తే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మిక్సర్ మైకులకి పంపే కరెంట్) వెనక్కి లైన్‌లోకి వెళ్తుంది, ఆర్ఎస్-485 చిప్‌లు తట్టుకునే హద్దు మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టులే, మరి చిప్‌లు కాలవా.

టెర్మినేటర్ అంటే గొలుసు చివరి లైట్ అవుట్‌పుట్‌లో పెట్టే ఒక ప్లగ్, లోపల 2, 3 పిన్ల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ మాత్రమే ఉంటుంది. అది లేకపోతే సిగ్నల్ కేబుల్ చివరికి వెళ్లి తిరిగి వెనక్కి వచ్చి, తర్వాత వచ్చే బిట్లతో కలిసి వాటిని చెడగొడుతుంది. ఎక్కడ ఏ లైట్ దెబ్బతింటుందో కేబుల్ పొడవుల మీద ఆధారపడుతుంది, అందుకే మధ్యలో ఉన్న ఒక్క లైటే వణుకుతూ దాని ముందూ వెనకా ఉన్నవి బాగుండటం కూడా జరుగుతుంది, ఆ లైట్ మార్చినా కొత్త లైటూ వణుకుతుంది. ఇంత చిన్న వస్తువుని జనం ఎందుకు పక్కనపెడతారంటే అది లేకుండా కూడా చాలాసార్లు పనిచేస్తుంది కాబట్టి. చాలాసార్లు పనిచేస్తుంది కదా అని వదిలేస్తే పనిచేయని ఆ ఒక్కసారి ముందు జనం కూర్చుని ఉంటారు.

మల్టీమీటర్ ఒక్కటి ఉంటే లైన్ గురించి చాలా తెలుసుకోవచ్చు. కేబుళ్లని కన్సోల్ నుంచీ లైట్ల నుంచీ విడదీసి ఒకదానికొకటి కలిపి, ఒక చివర టెర్మినేటర్ పెట్టి రెండో చివర 2, 3 పిన్ల మధ్య ఓమ్స్ చూస్తే 120కి కొంచెం పైన రావాలి. అసలు ఏమీ చూపించకపోతే ఎక్కడో వైర్ తెగింది, సున్నా దగ్గరుంటే షార్ట్, 60 వస్తే ఎక్కడో ఇంకో టెర్మినేటర్ ఉండిపోయింది. ఒకటో పిన్‌కీ (షీల్డ్) మిగతా రెండిటికీ మధ్య ఏమీ రాకూడదు. ఈ పరీక్షలో దొరకని తప్పు ఒకటుంది, 2, 3 తారుమారైతే అంకె అదే వస్తుంది. దానికి ఇంకో పద్ధతి, కన్సోల్ ఆన్‌లో ఉండగా డీసీ వోల్ట్స్‌లో పెట్టి ఎర్ర ప్రోబ్ 3 మీద, నల్లది 2 మీద పెట్టాలి, పిన్ 3 డేటా ప్లస్, పిన్ 2 డేటా మైనస్ కాబట్టి. ఒక్కో ఛానెల్‌కి పంపేవి పదకొండు బిట్లు, మొదట ఒక స్టార్ట్ బిట్ కింద ఉంటుంది, చివరి రెండు స్టాప్ బిట్లు పైన, మధ్యలో ఎనిమిది డేటా బిట్లు. ఛానెళ్లన్నీ సున్నాలో ఉంటే పదకొండిట్లో తొమ్మిది కింద ఉంటాయి, అన్నీ ఫుల్ అయితే పది పైన ఉంటాయి. మీటర్ సగటు చూపిస్తుంది కాబట్టి మొత్తం 512 ఛానెళ్లూ సున్నా నుంచి ఫుల్‌కి తీసుకెళ్తే అంకె మైనస్ వైపు నుంచి ప్లస్ వైపుకి జరగాలి. ఉల్టా జరిగితే పిన్లు తారుమారు, అసలు కదలకపోతే డేటానే లేదు. కొన్ని కన్సోళ్లు జాబితాకీ జాబితాకీ మధ్య ఖాళీ వదులుతాయి, ఆ ఖాళీలో లైన్ పైనే ఉంటుంది కాబట్టి సున్నాలో కూడా మైనస్ రాకపోవచ్చు, అంకెని కాకుండా అది ఏ వైపు జరుగుతోందో చూడాలి. ఒక్క ఫేడర్ కదిపితే తేడా కనిపించదు, అన్నీ కలిపి కదపాలి.

పిన్ల తారుమారు గురించి ఇంకో మాట, పాత 3 పిన్ లైట్లు కొన్నిట్లో కంపెనీయే ప్లస్ మైనస్ మార్చి పెట్టింది, అలాంటిది గొలుసులో ఉంటే దాని ముందూ వెనకా తిరగేసిన అడాప్టర్ పెట్టాలి. రెండు డేటా వైర్లలో ఒకటి తెగితే ఏమవుతుందో కూడా తెలిసుండాలి, లైట్ పూర్తిగా ఆగిపోతుందని అనుకుంటారు గానీ చాలాసార్లు ఆగదు, మిగిలిన ఒక్క వైర్‌తోనే అరకొరగా నడుస్తుంది, కొన్ని లైట్లు బాగానే ఉంటాయి, కొన్ని వణుకుతాయి, కేబుల్ కదిలిస్తే మారిపోతుంటుంది. ఒకటో పిన్‌ని కనెక్టర్ లోహపు తొడుగుకి కలిపి సోల్డర్ చేసిన కేబుళ్లు కూడా ప్రమాదమే, తొడుగు ట్రస్‌కి తగిలినప్పుడల్లా ఎర్త్ లూప్ (అనవసరమైన కరెంట్ తిరిగే దారి) తయారవుతుంది.

ఒక లైన్ మీద 32 యూనిట్ లోడ్లకి (లైన్ మీద లైట్లు వేసే భారానికి కొలత) మించి పెట్టకూడదు, మామూలుగా దాన్ని 32 లైట్లు అని లెక్కేస్తారు. అది దాటినా, దూరం బాగా పెరిగినా, లైట్లు వేర్వేరు కరెంట్ సప్లైల మీద ఉన్నా ఆప్టో ఐసోలేటెడ్ స్ప్లిటర్ (శాఖల మధ్య కరెంట్ దాటనివ్వనిది) పెట్టడం మంచిది, ఒక శాఖలో చిప్ కాలినా మిగతా శాఖలు బతుకుతాయి, తప్పు ఏ శాఖలో ఉందో కూడా వెంటనే తెలుస్తుంది.

కరెంట్ గురించి కూడా చెప్పాలి. ఎల్ఈడీ లైటో మూవింగ్ హెడ్డో పొరపాటున డిమ్మర్ సర్క్యూట్ మీద పెడితే దానికి శుభ్రమైన కరెంట్ అందదు, డిస్‌ప్లే వెలిగినట్టే వెలిగి రీసెట్ అవుతుంటుంది, బయటికి సిగ్నల్ లోపంలా కనిపిస్తుంది. మూవింగ్ హెడ్ మాటిమాటికీ రీసెట్ కొడుతుంటే డేటా కేబుల్ కంటే ముందు పవర్ చూడాలి.

అన్నీ సరిగ్గా ఉండి కూడా లైట్లు అప్పుడప్పుడూ ఉలిక్కిపడితే ఆర్డీఎం మీద కన్నేయాలి. 2006లో వచ్చిన ఈ పద్ధతి అదే 2, 3 పిన్ల మీద లైట్లతో రెండువైపులా మాట్లాడుతుంది, అడ్రస్, మోడ్ కింద నుంచే మార్చొచ్చు, ల్యాంప్ గంటలు, ఎర్రర్లు చదవొచ్చు, డీఎంఎక్స్‌కి మొదటినుంచీ లేని తిరుగు జవాబు దీంతో వచ్చింది. ఆర్డీఎం ప్యాకెట్ల స్టార్ట్ కోడ్ 204, లైటింగ్ విలువలది 0. స్టార్ట్ కోడ్ 0 కానిదాన్ని వదిలేయాలన్నది నియమం, కానీ స్టార్ట్ కోడ్ చూడకుండా బ్రేక్ తర్వాత వచ్చిన ప్రతిదాన్నీ వెలుగు విలువ అనుకునే చవక లైట్లు చాలా ఉన్నాయి, కన్సోల్ వెనకాల నుంచి ఆర్డీఎంతో పలకరించినప్పుడల్లా అవి మెరుస్తాయి. ఆ పోర్ట్‌లో ఆర్డీఎం ఆపేస్తే వెంటనే కుదుటపడతాయి. దీనికి ఉల్టా సమస్య కూడా ఉంది, ఆర్డీఎం తెలియని స్ప్లిటర్ మధ్యలో ఉంటే వెలుగు బాగానే వస్తుంది గానీ లైట్ల జవాబు మాత్రం వెనక్కి రాదు, లైట్లన్నీ కనబడకుండా పోయినట్టు కన్సోల్ చెప్తుంది. కంప్యూటర్‌కి గుచ్చే చవక యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లతోనూ ఇలాంటి ఇబ్బందే, బ్రేక్ టైమింగ్ మొత్తం కంప్యూటరే చూసుకోవాల్సిన రకమైతే కంప్యూటర్ వేరే పనిలో ఉన్నప్పుడు అది అటూఇటూ అవుతుంది, కొన్ని లైట్లు దాన్ని భరిస్తాయి, కొన్ని భరించవు. కన్సోల్‌లో డీఎంఎక్స్ స్పీడ్ తగ్గించే సెట్టింగ్ ఉంటే పాత లైట్లకి అది చాలాసార్లు పనికొస్తుంది.

ఇప్పుడు చాలా చోట్ల కన్సోల్ నుంచి నోడ్ (నెట్‌వర్క్ డేటాని డీఎంఎక్స్‌గా మార్చే పెట్టె) దాకా నెట్‌వర్క్ కేబులే వెళ్తుంది కాబట్టి తప్పు డీఎంఎక్స్ మొదలవ్వకముందే ఉండొచ్చు. నెట్‌వర్క్ మీద డీఎంఎక్స్ విలువలు పంపే పద్ధతులు ఆర్ట్-నెట్, ఎస్ఏసీఎన్; ఆర్ట్-నెట్‌లో యూనివర్స్ లెక్క 0 నుంచి మొదలవుతుంది, ఎస్ఏసీఎన్‌లో 1 నుంచి, కొన్ని కన్సోళ్లు ఆర్ట్-నెట్‌ని కూడా 1 నుంచే చూపిస్తాయి, ఈ ఒక్క అంకె తేడాతో నోడ్ మీద డేటా లైట్ చక్కగా మినుకుమంటూ ఉంటుంది, స్టేజ్ మీద మాత్రం తప్పు లైట్లు వెలుగుతాయి లేదా ఏవీ వెలగవు. ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్ రెండు వైపులా పొంతన ఉందా చూడాలి, ఆర్ట్-నెట్‌లో 2తో మొదలయ్యే అడ్రసులూ 255.0.0.0 మాస్కూ వాడటం ఆనవాయితీ. కన్సోల్ సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌లో నడుస్తుంటే వై-ఫై ఆఫ్ చేయాలి, లేకపోతే డేటా ఆ దారిన వెళ్లిపోయే అవకాశం ఉంది, ఫైర్‌వాల్ కూడా ఒకసారి చూడాలి. ఎస్ఏసీఎన్‌లో ప్రయారిటీ అని ఒకటుంది, 0 నుంచి 200 దాకా, మామూలుగా 100. అదే యూనివర్స్‌కి ఇంకెక్కడినుంచో 101తో ఎవరైనా పంపుతుంటే నోడ్ వాళ్ల మాటే వింటుంది, మీ కన్సోల్ ఎంత మొత్తుకున్నా లైట్ కదలదు, ఎవరో మూలన వదిలేసిన బ్యాకప్ లాప్‌టాప్ చాలు దీనికి. నెట్‌వర్క్ స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (డేటా అడిగినవాళ్లకే పంపే సెట్టింగ్) ఆన్ చేసి క్వెరియర్ (ఎవరికి ఇంకా కావాలో అడుగుతూ ఉండేది) లేకుండా వదిలేస్తే ఇంకో వింత, మొదట్లో అంతా బాగానే నడిచి కొన్ని నిమిషాల తర్వాత ఎస్ఏసీఎన్ డేటా ఆగిపోతుంది, నోడ్ రీస్టార్ట్ చేస్తే మళ్లీ వస్తుంది, మళ్లీ ఆగుతుంది. వైర్‌లెస్ డీఎంఎక్స్ వాడితే 2.4 గిగాహెర్ట్జ్‌లో నడిచేవే ఎక్కువ, ఖాళీ హాల్లో బాగా పనిచేసి జనం ఫోన్లతో వచ్చాక తడబడితే ఛానెల్ మార్చడం, యాంటెన్నాలు ఒకదానికొకటి కనబడేలా పెట్టడం తప్ప గత్యంతరం లేదు.

ఇన్ని కారణాల్లో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మార్పిడి పరీక్ష ఒక్కటి చాలు. వినని లైట్ పక్కన అదే మోడల్‌ది బాగున్నది ఉంటే, ఆ బాగున్న లైట్‌కి వచ్చే డేటా కేబుల్ తీసి దీనికి గుచ్చి, అడ్రస్, మోడ్ రెండూ దానివే దీనికి పెట్టాలి. వింటే లైట్ బాగుంది, తప్పు దాని పాత కేబుల్లోనో, పాత అడ్రస్, మోడ్‌లోనో, ప్యాచ్‌లోనో ఉంది. వినకపోతే తప్పు లైట్‌లోనే ఉంది, దాన్ని గొలుసు నుంచి తీసి దాని ముందు కేబుల్‌ని వెనక కేబుల్‌కి నేరుగా కలిపేసి పని కొనసాగించొచ్చు. షో మొదలవ్వడానికి పది నిమిషాలుంటే ఇంతకంటే లోతుగా వెళ్లకూడదు. లైట్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయడం ఇలాంటప్పుడు చాలామందికి చెయ్యి దురదపెట్టే పని, కానీ అది పాన్ దిశ, డిమ్మర్ కర్వ్, సిగ్నల్ పోతే ఏం చేయాలి అన్న సెట్టింగులన్నీ చెరిపేస్తుంది, లైట్ విన్నా మిగతావాటితో కలవకుండా పోతుంది.

ఇక కదిలిస్తే పనిచేసిన కేబుల్ సంగతి. కనెక్టర్ దగ్గర కాస్త వంచగానే లైట్ వచ్చేసింది, హమ్మయ్య అని వదిలేశారు, అది మళ్లీ పోవడం ఖాయం. ఆ కేబుల్‌ని అప్పుడే మార్చి, రెండు చివరలా రంగు టేప్ చుట్టి మంచి కేబుళ్ల పెట్టెలో కలవకుండా పక్కన పెట్టాలి. తర్వాత పరీక్షించేటప్పుడు బల్ల మీద చాపి కంటిన్యూటీ చూస్తే బాగానే ఉందంటుంది, ఎందుకంటే తెగిన పోగులు అలా చాచినప్పుడు తగులుకునే ఉంటాయి. మీటర్ పెట్టి ఉంచి రెండు కనెక్టర్ల దగ్గరా కేబుల్‌ని నాలుగు వైపులా వంచుతూ చూడాలి, బీప్ ఎక్కడ తెగితే అక్కడ కోసి, ఆ చివర కొత్తగా సోల్డర్ చేయాలి.